బుల్లెట్ వేగం తెలియకుండా లోపలి గాయాన్ని ఎలా అంచనా వేస్తారు?

నేను హౌస్ సర్జన్‌ని, ఎమర్జెన్సీలో డ్యూటీ. వేగం రెట్టింపైతే గతిశక్తి 4 రెట్లవుతుందన్న లెక్క తెలుసు. కానీ బుల్లెట్ బయటికి దూసుకుపోతే కొంత శక్తి దానితోనే పోతుంది కదా! ఒంట్లో దిగిన శక్తే లెక్క. బుల్లెట్ లోపల అడ్డం తిరిగితే చుట్టూ ఉన్న కణజాలం ఒక్క క్షణం ఉబ్బి మళ్లీ మూసుకుంటుంది. సాగే గుణమున్న ఊపిరితిత్తి చాలావరకు తట్టుకుంటుంది, కాలేయం చీలిపోతుంది.

మొన్నొక కేసులో చర్మం మీద రంధ్రం చిటికెన వేలి గోరంత కూడా లేదు, పొట్ట మాత్రం చెక్కలా గట్టిపడింది. నాకైతే చేతులు వణికాయి. "తుపాకీ సంగతి వదిలెయ్, పేషెంట్‌ని చూడు" అన్నారు సీనియర్. మరి ఈ వేగం లెక్కలు ఎక్కడ పనికొస్తాయండీ? రెండు రంధ్రాలుంటే ఏది లోపలికి, ఏది బయటికి అని కేస్ షీట్‌లో రాయాలా, కొలతలు రాసి వదిలేయాలా? ట్రామా కేసులు చూసినవాళ్లు కాస్త చెప్పండి.