స్పీడ్‌రన్ వీడియోలు చూసేవాళ్ళ భాషలోనే ఉండాలా? లిపి వైపు నుంచి ఒక మాట

స్పీడ్‌రన్ అంటే వీడియో గేమ్‌ని వీలైనంత తక్కువ టైములో ముగించే పరుగు. అమెరికాలో కూర్చుని, అమెరికా వాళ్ళ కోసం ఇలా ఆడుతూ, జపనీస్ వెర్షన్ పెట్టుకోవడమేంటి, తెర మీద ఏం రాసుందో చూసేవాళ్ళకి అర్థం కానక్కర్లేదా అని ఒకరు పైన అడిగారు. ఇది గేమింగ్ వాళ్ళ గొడవ, భాష, లిపి గురించి మాట్లాడుకునే మన గ్రూపుకెందుకు అని ఇద్దరు ముగ్గురు తీసిపారేశారు గానీ, కిటుకంతా లిపిలోనే ఉందండీ, కాబట్టి ఇది కచ్చితంగా మన చర్చే.

1998లో నింటెండో 64 అనే గేమ్ కన్సోల్‌కి వచ్చిన 'ఆకరినా ఆఫ్ టైమ్' తీసుకోండి. ఎవరైనా మాట్లాడితే డైలాగ్ బాక్సులో అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పడుతూ ఉంటాయి, చాలాచోట్ల అవి పడేదాకా ఆగాల్సిందే. అందులో జెల్డా అన్న పాత్ర పేరుకి ఇంగ్లిష్‌లో 5 అక్షరాలు, విదేశీ పేర్లు రాసే జపనీస్ కతకన లిపిలో 3. విలన్ గానన్‌డార్ఫ్‌కి ఇంగ్లిష్‌లో 9, కతకనలో 6. ఒక్కో గుర్తుకి ఒక్కో అర్థం ఉండే కంజి అక్షరాలు పడితే వాక్యం ఇంకా పొట్టిదవుతుంది. ఆట పొడుగునా ఇలా మిగిలే క్షణాలన్నీ కలిస్తే రికార్డులు తారుమారవుతాయి. 'సూపర్ మారియో 64'లో 120 నక్షత్రాలూ ఏరే పరుగుకి జపనీస్ వెర్షన్ వైపు మొగ్గు చూపడానికీ ఇదే పెద్ద కారణం. అలాగని జపాన్‌ది ఏదైనా సరిపోతుందనుకోకండి, 1997లో అక్కడే ఈ మారియో ఆటకి వచ్చిన షిండో ఎడిషన్‌లో వెనక్కి లాంగ్ జంప్ చేసి తలుపులు దాటే గ్లిచ్‌ని, అంటే ఆటలోని లోపాన్ని, తీసేశారు, దాని మీద ఆధారపడ్డ పరుగులకి అది పనికిరాదు.

సొంత భాషలో ఆడమని అడిగితే నష్టం ఎంతో చూడాలంటే జర్మన్, ఫ్రెంచ్ వాళ్ళని చూడండి. నింటెండో 64లో ఆకరినా వాళ్ళ భాషల్లో వచ్చింది యూరప్ పాల్ కార్ట్రిడ్జిలోనే. పాల్ అనే టీవీ పద్ధతిలో తెర మీద బొమ్మ సెకనుకి 50 సార్లు మారుతుంది, అమెరికా, జపాన్‌లలో 60 సార్లు. ఆ కాలపు ఆటలు చాలావరకు ఆ మేరకు నెమ్మదిగా నడిచేవి. అంటే అక్కడి ఆటగాడు తన వాళ్ళ భాష కోసం పరుగునే వదులుకోవాలి. అది న్యాయం కాదు. రికార్డు కోసం ఆడేవాడిని ఏది వేగమైతే అది ఆడనివ్వాలి.

నేర్పే వీడియో సంగతి పూర్తిగా వేరు. అక్కడ చూసేవాడు మెనూలో ఎన్నో వరస నొక్కాలో తన తెర మీద పోల్చుకోవాలి, ఆకరినాలో దారి చెప్పే ఒక గుడ్లగూబ ఉపన్యాసమంతా చెప్పి మళ్ళీ చెప్పనా అని అడిగినప్పుడు తొందరపడి తప్పు జవాబు నొక్కితే మొదటికొస్తుంది. అలాంటి వీడియో చూసేవాళ్ళ దగ్గరున్న వెర్షన్‌తోనే చెయ్యాలి. మన పిల్లలకైతే అది ఇంగ్లిష్ వెర్షనే.

కింద ఒకరు, ఈ ఆటే తెలుగులో ఉండుంటే వేగంగా ఉండేదా అని అడిగారు. ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. మనం జెల్డా అని రాసి రెండు అక్షరాలంటాం, కతకన కన్నా తక్కువ! కానీ ప్రతి గుర్తుకీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో కంప్యూటర్ చూసేది ఆరు: జ, ఎత్వం, ల, పొల్లు, డ, దీర్ఘం. ఆట ఒక్కో యూనికోడ్ సంకేతాన్నీ విడిగా వేసుకుంటూ పోతే తెర మీద జ, జె, జెల, జెల్, జెల్డ, జెల్డా అని పడుతుంది, ఇంగ్లిష్ కన్నా ఒక అడుగు ఎక్కువ, పైగా ఒత్తు వచ్చి చేరేలోపు చదివే కంటికి చికాకు. అదే అక్షరాన్ని అక్షరంగా, ఒత్తుతో సహా ఒకేసారి వేస్తే రెండడుగుల్లో అయిపోతుంది. కాబట్టి తెలుగు నెమ్మదా వేగమా అన్నది భాష మీద లేదు, ప్రోగ్రాం రాసినవాడు అక్షరం అంటే ఏమనుకున్నాడన్న దాని మీద ఉంది. తెలుగులో ఆటలు చేసేవాళ్ళు ఈ గ్రూపులో ఉంటే దయచేసి ఇది పట్టించుకోండి, స్పీడ్‌రన్ కోసం కాకపోయినా చదివేవాళ్ళ కోసం.

ఇక వీడియో అర్థం కావడం అంటారా, అది కామెంటరీ పని. క్రికెట్‌లో స్కోరు ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది, అయినా తెలుగు కామెంటరీ ఉంటే ఇంటిల్లిపాదీ చూస్తారు. గేమ్స్ డన్ క్విక్ లాంటి ఛారిటీ కార్యక్రమాల్లో ఆటగాడి వెనక సోఫాలో కూర్చున్నవాళ్ళు చేసేది అదే: తెర మీద జపనీస్, నోట ఇంగ్లిష్. మనవాళ్ళెవరైనా రికార్డు పరుగు ఒకటి తీసుకుని తెలుగులో అలా చెప్పుకుంటూ పోతే నేను మొత్తం కూర్చుని చూస్తాను. గ్లిచ్, స్కిప్ (ఆటలో కొంత భాగాన్ని దాటేయడం) అన్న మాటలు అలాగే వాడండి, పర్లేదు. ఏ గోడలోంచి ఎందుకు దూరాడో మాత్రం విడమరిచి చెప్పండి.