ప్రింటర్ కింద ఉంది, పై గదికి కనబడట్లేదు

డీటీపీ తమ్ముడు:
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడు. టిఫిన్ కూడా చేయలేదు. కింద కౌంటర్ కంప్యూటర్‌కి ప్రింటర్ ఉంది. ప్రింట్ పనులు నడిపే క్యూప్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆ కంప్యూటర్‌నే అందరి ప్రింట్లూ తీసుకునే ప్రింట్ సర్వర్ చేద్దామనుకున్నాను. అక్కడ ప్రింట్ బ్రహ్మాండంగా వస్తోంది. పై గదిలో మూడు కంప్యూటర్లకి మాత్రం ప్రింటరే కనబడట్లేదు. అన్నీ యూనిక్సే, విండోస్ కాదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగలేక చస్తున్నా. రేపు పెళ్లికార్డుల ప్రూఫులు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండన్నా.

నల్లతెర:
కింద దాంట్లో టెర్మినల్ తెరిచి ఎస్ఎస్ -టీఎల్ఎన్ కమాండ్ కొట్టు, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపిస్తుంది. క్యూప్స్ పోర్టు 631 ఉన్న లైన్ ఇక్కడ పెట్టు.

పాత టెర్మినల్:
బాబూ, ముందు ఒక మాట. నువ్వు వాడేది నిజంగా యూనిక్సేనా? లైనక్స్ అయి ఉంటుంది. రెండూ ఒకటి కావు. మా రోజుల్లో క్యూప్స్ బదులు ఎల్‌పీడీ, 515 పోర్టు. ప్రింటర్ల వివరాలు రాసే ప్రింట్‌క్యాప్ ఫైల్లో ఒక్క కోలన్ తప్పినా రోజంతా పోయేది. ఏ వెర్షనో, ఏ ప్రింటరో చెప్పకుండా కనబడట్లేదంటే మేం జాతకం చూసి చెప్పాలా?

డీటీపీ తమ్ముడు:
లైనక్స్ మింట్ అండి. 127.0.0.1:631 అని వచ్చింది.

నల్లతెర:
అంటే తన మాట తనే వింటోంది, బయటివాళ్లకి తలుపేసి ఉంది. సుడో క్యూప్స్‌సీటీఎల్ --షేర్-ప్రింటర్స్ కొట్టి మళ్లీ చూడు, 0.0.0.0:631 రావాలి, అంటే బయటివాళ్ల మాట కూడా వింటోందని. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే 631 తెరువు.

యాపిల్ ముక్క:
పాత టెర్మినల్ గారూ, మరి మ్యాక్? 2007లో వచ్చిన 10.5కి యూనిక్స్ సర్టిఫికెట్ ఉంది. అందులోనూ ఇదే క్యూప్స్.

పాత టెర్మినల్:
అతని దగ్గర మ్యాక్ ఉందా? లేదు కదా. అసలు ప్రింట్ సర్వర్ అంటే నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చిన్న డబ్బా. ఇతనిది షేర్డ్ ప్రింటర్.

యాపిల్ ముక్క:
ప్రింట్ల క్యూ నడిపేది ఏదైనా సర్వరేనండీ. డబ్బాలో ఉంటే ఒకటి, కంప్యూటర్లో ఉంటే ఇంకొకటా?

డీటీపీ తమ్ముడు:
0.0.0.0 వచ్చింది. కింద నా ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ కనబడుతోంది కూడా. పైన ఇంకా లేదు! పైకి వైఫై అందట్లేదని పోయిన నెల ఇంకో రౌటర్ పెట్టించా, దానివల్ల ఏమైనానా?

నల్లతెర:
అది ఇప్పుడా చెప్పేది! కిందా పైనా కంప్యూటర్ల ఐపీ అడ్రస్‌లు ఏంటి?

డీటీపీ తమ్ముడు:
కింద 192.168.1.20. పైన అన్నీ 192.168.0తో మొదలవుతున్నాయి.

నల్లతెర:
రెండూ వేరే నెట్‌వర్కులు. నేనున్నానని ప్రింటర్ వేసే కేక రౌటర్ దాటి పోదు. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టు, అప్పుడు రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి. కుదరకపోతే పైన ప్రింటర్ చేర్చేటప్పుడు అడ్రస్ నువ్వే కొట్టు: ఐపీపీ://192.168.1.20:631/ప్రింటర్స్/ ఆ తర్వాత కింది కంప్యూటర్లో ప్రింటర్‌కి పెట్టుకున్న క్యూ పేరు. ఐపీపీ, ప్రింటర్స్ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. కింది ఐపీ మారిపోకుండా రౌటర్లో రిజర్వ్ చేయి, లేకపోతే వారంలో మళ్లీ ఇక్కడికే వస్తావు.

పాత టెర్మినల్:
యాక్సెస్ పాయింట్ వేరు, రిపీటర్ వేరు సుమా. చాలామంది కలిపేస్తారు.

డీటీపీ తమ్ముడు:
అడ్రస్ కొడితే వచ్చేసిందన్నా. మొదటి కాగితం కింద అంచు తెగింది, లెటర్ సైజు ఉంది, ఏ4 చేశా. థాంక్స్. తినడానికి పోతున్నా.

పాత టెర్మినల్:
ఏ ప్రింటరో ఇప్పటికీ చెప్పలేదు.