మన పాటలతో ఆడే షూటర్ గేమ్‌లు: గోల పాట పెట్టినా చప్పగా ఉంటోంది, ఎందుకు?

గురితప్పినోడు
మన దగ్గరున్న పాట ఫైల్ ఇస్తే దాన్ని బట్టి శత్రువులు వచ్చిపడే స్పేస్ షూటర్ ఒకటి ఈమధ్య ఆడుతున్నా. మొదట్లో పిచ్చెక్కించింది. బాగా గోలగా ఉండే మెటల్ పాటలు పెడితే ఇంక అదిరిపోతుందనుకున్నా, తీరా చూస్తే మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకటే బాదుడు, ఎక్కడా ఎత్తూ పల్లం లేదు. అదే ఒట్టి గిటార్‌తో మెల్లగా మొదలై మధ్యలో డ్రమ్స్ అందుకునే పాట పెడితే ఆ అందుకునే చోట ఒళ్లు జలదరిస్తుంది, కానీ అంతవరకూ తుపాకీ తుస్సుమంటూ ఉంటుంది. అసలు ఇవి పాటలో ఏం చూస్తాయి, బీటా, సౌండా? ఇంకోటి, ఫైళ్లు కాకుండా స్ట్రీమింగ్‌లో వినే పాటలతో ఆడేది ఏదైనా ఉందా?

చెవిలోపువ్వు
చాలావాటికి బీట్ కన్నా సౌండ్‌లో వచ్చే మార్పే ముఖ్యం బ్రో. పాటని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో బేస్ (లోతైన శబ్దం) ఎంత, మధ్య స్థాయి ఎంత, సన్నటి పైస్థాయి ఎంత అని ఎఫ్‌ఎఫ్‌టీ అనే లెక్కతో కొలుస్తాయి. ముందు ముక్క కంటే ఒక్కసారిగా పెరిగితే అక్కడ దెబ్బ పడిందని అర్థం. మీ మెటల్ పాటల్లో చిక్కు అక్కడే వస్తోంది. మాస్టరింగ్‌లో (పాటకి చివర్లో చేసే సౌండ్ సర్దుబాటు) కంప్రెషన్ (ఫైల్ సైజు తగ్గించేది కాదు, పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది) దట్టంగా వేసి మెల్లగా ఉన్నవాటిని కూడా పైకి లాగేస్తారు, ఇక పెరగడానికి పైన చోటే ఉండదు. ఒక పాటని అడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి వేవ్‌ఫామ్ (సౌండ్ హెచ్చుతగ్గుల బొమ్మ) చూడండి, నిలువునా ఇటుకలా కనిపిస్తే ఆ పాటతో ఆట అంతంతే. వాల్యూమ్ తగ్గించి సేవ్ చేసినా లాభం లేదు, ఇటుక చిన్నదవుతుందంతే. అదే పాటకి కంప్రెషన్ తక్కువున్న పాత సీడీ వెర్షన్ దొరికితే పెట్టి చూడండి.

రాత్రిడ్యూటీ
స్ట్రీమింగ్ అయితే బీట్ హజార్డ్ 2. అందులో ఓపెన్ మైక్ అని ఉంటుంది, కంప్యూటర్‌లో ఏది మోగుతుంటే దాన్నే వింటూ ఆడిస్తుంది. కాకపోతే అలా వింటున్నప్పుడు రాబోయేది ఏంటో గేమ్‌కి ముందే తెలిసే దారి లేదు కదా. 2008 నాటి ఆడియోసర్ఫ్ (షూటర్ కాదనుకోండి) ముందే పాటంతా చదివి దారి వేసుకుంటుంది కాబట్టి పాట ఊపందుకునే చోట రోడ్డు కిందికి జారేలా పెట్టగలదు.

మొదటి బీట్ హజార్డ్ కూడా (ఎక్స్‌బాక్స్ 360లో 2009, స్టీమ్‌లో 2010) ఇప్పటికీ ఆడబుద్ధేస్తుంది. పాట జోరుని బట్టే తుపాకీ బలం, పైగా వాల్యూమ్, పవర్ అనే పికప్‌లు ఏరుకుంటూ పోవాలి, వాల్యూమ్‌వి ఏరేకొద్దీ నిజంగానే పాట సౌండ్ పెరుగుతుంది. కాబట్టి మెల్లగా ఉన్నచోట ఎగబడి కాల్చకుండా తప్పించుకుంటూ అవి ఏరుకోండి, డ్రమ్స్ వచ్చేసరికి స్క్రీన్ ఖాళీ చేసేయొచ్చు. ఒక్క జాగ్రత్త: మెరుపులు మామూలుగా ఉండవు. సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు, కానీ మెరిసే లైట్లకి ఫిట్స్ వచ్చే సమస్య ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లొద్దు.

పాతజాయ్‌స్టిక్
అందరూ బీట్ హజార్డే అంటారు గానీ 2012లో వచ్చిన సింఫనీ కూడా చూడండి. ఒక్కో పాటకి ఒక్కో కొత్త ఆయుధమో వస్తువో దక్కుతుంది, దాంతో ఎప్పుడో మర్చిపోయిన పాటలు కూడా వెతికి పెడతాం.

అయినా నన్నడిగితే, సంగీతం చేతికి తగిలిన ఫీలింగ్ మాత్రం సొంత పాటలు పెట్టుకోలేని రెజ్‌లోనే (2001) ఎక్కువ. అందులో మనం కొట్టిన దెబ్బల శబ్దాలు తాళానికి సర్దుకుని పడతాయి, మనమే వాయిస్తున్నట్టు ఉంటుంది. సొంత పాటల గేమ్‌లు పాటని వింటాయి గానీ మనం కాల్చింది పాటలో కలవదు, నాకెప్పుడూ అదే వెలితి. ఆడియో సీడీ పెడితే ఆడించే విబ్-రిబ్బన్ 1999లోనే ప్లేస్టేషన్‌కి వచ్చింది, అంటే ఐడియా పాతదే, ఈ వెలితి తీర్చినవాళ్లు మాత్రం నాకింకా తగల్లేదు.

గురితప్పినోడు
అడాసిటీలో చూశా, నా ప్లేలిస్ట్‌లో సగం ఇటుకలే 😂 సింఫనీ దింపుతున్నా. @రాత్రిడ్యూటీ, ఓపెన్ మైక్ ఆన్‌లో ఉండగా మెసేజ్ టింగుమంటే దానిక్కూడా స్పందిస్తుందా?

రాత్రిడ్యూటీ
మోగే ప్రతిదీ వింటుంది మరి. నోటిఫికేషన్లు ఆపేసి కూర్చోండి.