పులి తల రాక్షసుడు, బుట్ట పట్టుకున్న ఎరుకల సాని: మన ఆటలో ఏది అభ్యంతరకరం?

పాచికల పంతులు
పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మన రాక్షసుడికి పులి తల ఎందుకు? 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో, అంటే ఆ ఆట రాక్షసుల పుస్తకంలో, బొమ్మ చూడండి: పులి ముఖం, దొరల కోటు, చేతిలో పొగగొట్టం. వాల్మీకి రాక్షసులు కామరూపులు. మారీచుడు లేడి అయ్యాడు, రావణుడు సన్యాసి అయ్యాడు. అంత పెద్ద సంప్రదాయం వీళ్ల చేతిలో పడి జంతుప్రదర్శనశాల అయింది. అంతకంటే ఘోరం 1980లో వచ్చిన దేవతల పుస్తకం. ఇంద్రుడు, విష్ణువు, లక్ష్మి, కాళి, అందరికీ హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలకు చస్తారో చెప్పే అంకెలు! పాచిక బాగా పడితే లక్ష్మీదేవిని కూడా చంపవచ్చన్నమాట. యెహోవాకు మాత్రం అందులో పేజీ లేదు, గమనించారా? నేను నడిపే ఆటల్లో ఈ రెండూ నిషేధం. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
పురోహితుడు ఆశీర్వదించిన క్రాస్‌బో బాణం తగిలితే ఆ రాక్షసుడు చస్తాడనే నియమం మరిచారు. అలాంటి బాణమే 1974లో అమెరికాలో ప్రసారమైన ఒక టీవీ ఎపిసోడ్‌లో ఉంది. కాబట్టి వాళ్లు వాల్మీకిని పాడుచేయలేదు, అసలు చదవనే లేదు.

శేషు, న్యూజెర్సీ
పంతులు గారితో ఏకీభవిస్తాను. ఇక్కడ నేను ఆడే బృందంలో నేనొక్కడినే భారతీయుణ్ని. నాగులు వచ్చినా, ఆరు చేతుల మారిలిత్ అనే దెయ్యం వచ్చినా అందరూ నా వైపు తిరిగి "మీ దగ్గర ఇవి ఉంటాయి కదా" అంటారు. నవ్వి ఊరుకుంటాను. కానీ అదే బృందం ఆటలో శత్రువులుగా వచ్చే ఆర్క్‌ల జాతి గురించి ఒక సాయంత్రమంతా కన్నీళ్లు పెట్టుకుంది! 2020 జూన్‌లో ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ కంపెనీ ప్రకటన ఇచ్చింది కదా, ఆర్క్‌లు, డ్రౌలు అనే మరో జాతివాళ్లు పుట్టుకతో దుష్టులు కారని. 2024 నియమాల పుస్తకంలో 'రేస్' అనే మాటే తీసేశారు, సగం మనిషి, సగం ఆర్క్ అయిన హాఫ్ ఆర్క్‌ను కూడా తీసేశారు. లేని జాతికి ఇంత మర్యాద, ఉన్న మతానికి ఏమీ లేదు.

రాత్రి బండి
విభీషణుడు ఎవరండీ? ఘటోత్కచుడు ఎవరు? పుట్టుకతో దుష్టులు ఉండరని మన కథలు ఎప్పుడో చెప్పాయి. పంతులు గారు వాల్మీకి పక్షమైతే ఆర్క్‌ల విషయంలో విజార్డ్స్ పక్షమే కావాలి.

పాచికల పంతులు
రాత్రి బండి గారూ, ఒక విభీషణుడి కోసం లంకంతా మంచిదనలేం. అతను ప్రత్యేకం కాబట్టే కథలో నిలిచాడు. ఆట సంగతి వేరు. వారమంతా ఆఫీసులో మాటలు పడి, శనివారం రాత్రి నలుగురం కూర్చుంటాం. కత్తి దూసేముందు ఎదుటివాడి బాల్యం గురించి విచారించాలంటే ఆట ఎందుకు? శత్రువు శత్రువులా ఉండాలి. నేను అడిగేది ఒక్కటే, మా దేవుళ్ల జోలికి రావద్దని. ఇందులో తప్పేముంది?

లెక్కల మాస్టారు
'మా' దేవుళ్లు అనడానికి ఆ పుస్తకంలో గ్రీకు, నార్స్, ఈజిప్టు దేవతలకూ హిట్ పాయింట్లు ఉన్నాయి.

శేషు, న్యూజెర్సీ
నార్స్ దేవుడు ఒడిన్‌కు పొద్దున్నే దీపం పెట్టే అమ్మమ్మ మీకు ఉందా మాస్టారూ? నాకు లక్ష్మికి పెట్టే అమ్మమ్మ ఉంది.

బాపట్ల ప్యాసింజర్
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను. పంతులు గారూ, మీ శనివారం ఆటలో నేనూ కొన్ని వారాలు కూర్చున్నాను. మీకు గుర్తుండకపోవచ్చు. స్ట్రాడ్ అనే రక్తపిశాచి రాజు కథ ఆడించారు. అందులో విస్టానీలు ఉంటారు: బండ్లలో తిరిగేవాళ్లు, కార్డులతో జోస్యం చెప్పేవాళ్లు, శాపాలు పెట్టేవాళ్లు, ఆ రక్తపిశాచికి వేగులు. యూరప్‌లోని రోమా అనే సంచార ప్రజల మీద శతాబ్దాలుగా వేసిన నిందలన్నీ మూటగట్టి చేసిన పాత్రలు. ఆ కథ ఉన్న 2016 పుస్తకం మీద ఆ విమర్శ వచ్చాక, 2020లో రోమా సలహాదారును పెట్టుకుని మార్పులు చేస్తామన్నారు. మీరేం చేశారు? మన నేటివిటీ కోసమని వాళ్లను ఎరుకలవాళ్లను చేశారు. బుట్ట, సోది, మత్తుమందు కలిపిన కల్లు, తెల్లారేసరికి వీరుల సంచులు మాయం. మీరు ఆ ముసలావిడ గొంతు అనుకరిస్తుంటే అందరూ పడి పడి నవ్వారు. మా నాయనమ్మ సోది చెప్పేది.

ఇరవై ముఖాలు
అయ్యో.

పాచికల పంతులు
అప్పుడే చెప్పవచ్చు కదా? నా దగ్గర ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎరుకల సాని మన జానపదంలో గౌరవమైన పాత్ర. శ్రీనివాసుడే ఎరుకల సాని వేషం వేసి పద్మావతి తల్లి దగ్గరికి వెళ్లాడు. నేను ఎవరినీ కించపరచలేదు. ఊహాలోకంలో ప్రతి దొంగ వెనుకా ఒక కులాన్ని వెతికితే ఇక దొంగలే ఉండకూడదు.

బాపట్ల ప్యాసింజర్
వెతికింది నేను కాదు. కులం పేరు పెట్టింది మీరు. వేషం వేసిన దేవుడికి గౌరవం, బుట్ట మోసిన మనిషికి దొంగ పాత్రా?

సరే, గౌరవం సంగతి చెప్పారు కాబట్టి వినండి. 1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కులంలో పుట్టినందుకే మనిషి పేరు పోలీసు రిజిస్టరులో ఎక్కేది. ఊరు దాటాలంటే అనుమతి, హాజరు వేయించుకోవడం. చీరాల, బాపట్ల మధ్య స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి, మా వాళ్లను అక్కడ పెట్టారు. ఆ చట్టం రద్దయింది 1952లో. మా తాతకు అప్పటికి పెళ్లయింది. ఈ రోజుకీ మా ఊరి పేరు చెబితే ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఆలోచిస్తారు. 'పుట్టుకతో దుష్టులు' అనే ఆర్క్ నియమం మీకు ఆట. మాకు అది ప్రభుత్వ గెజిట్.

శేషు, న్యూజెర్సీ
మీ బాధ అర్థమైంది, కానీ దేవుళ్ల సంగతి పక్కకు పోయింది. రెండూ తప్పే అనవచ్చు కదా?

బాపట్ల ప్యాసింజర్
అంటాను. హిట్ పాయింట్లు నాకూ నచ్చలేదు. కానీ 1980 పుస్తకం గురించి నలభై ఏళ్ల తర్వాత కూడా కోపం తెచ్చుకునే హక్కు మీకు ఉందట, పక్క కుర్చీలో కూర్చున్నవాడు నొచ్చుకుంటే మాత్రం ఆట చెడగొట్టినట్టట. పంతులు గారు నిషేధించినవి ఆయనను నొప్పించినవి. నన్ను నొప్పించినవి ఆయన చేతులారా రాసుకున్నవి.

రాత్రి బండి
అసలు గొడవ ఇది. పులి తల దగ్గర మొదలుపెట్టి ఇంత తిరిగాం.

పాచికల పంతులు
మతమూ కులమూ ఒకటి కావు. దేవతను అవమానిస్తే కోట్లమందిని అవమానించినట్టు. ఒక పాత్ర ఒకరికి నచ్చకపోతే అది ఆ ఒకరి సంగతి. ఆట నడిపేవాణ్ని నేను, వారానికి మూడు రాత్రులు కూర్చుని రాసేది నేను. అందరినీ అడిగి రాస్తే అది కథ కాదు, పంచాయతీ తీర్మానం.

బాపట్ల ప్యాసింజర్
ఎంతమంది అనే లెక్క అయితే మేం ఎప్పుడూ ఓడిపోతాం. అందుకే ఆ వారం తర్వాత రాలేదు.

రాత్రి బండి
పంతులు గారూ, సూటిగా అడుగుతున్నాను. వచ్చే శనివారం కొత్త బృందంతో ఆ కథే మొదలుపెడుతున్నారు. సంచులు మాయమయ్యే ఆ ఎరుకల గుడారం ఉంటుందా?

పాచికల పంతులు
ఉంటుంది. పేరు తీసేసి 'సంచారులు' అంటాను. ఈ చర్చ కోసం కాదు, గొడవ ఎందుకని. మిగతాది మార్చను. సంచులు పోకపోతే వీరులు కోటకు ఎలా వెళతారు?

బాపట్ల ప్యాసింజర్
సంచులు కోట పన్ను వసూలుదారులు లాక్కోవచ్చు. రాజ్యం రక్తపిశాచిది, పన్నులు వేసేదీ అతనే.

ఇరవై ముఖాలు
ఇది నేను వాడుకోవచ్చా?

పాచికల పంతులు
అలా చేస్తే మొదటి వారమే ఆటగాళ్లు కోట మీద పడతారు. మూడో స్థాయికి కూడా రాకుండా అందరూ చస్తారు. చర్చ నా వైపు నుంచి ముగిసింది.