1984 హనుమకొండ ఎన్నిక గుర్తున్నవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. పీవీ నరసింహారావు గారి ఎన్నికల గురించి రాసుకుంటున్నాను. 1957 నుంచి మంథని ఎమ్మెల్యే, 1977లో, 1980లో హనుమకొండ ఎంపీ. 1991 నంద్యాల ఉపఎన్నికలో ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు, మెజారిటీ 5 లక్షలు దాటింది. ఇదంతా దొరికింది.

నన్ను తొలిచేస్తున్నది 1984. దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే హనుమకొండలో ఆయన బీజేపీ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు. ఆ పార్టీకి దేశం మొత్తమ్మీద వచ్చినవే 2 సీట్లు! మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి గెలిచారు కాబట్టి సరిపోయింది గానీ, సొంత గడ్డపై ఎందుకలా? అంతా తెలుగుదేశం హవా అంటాడు మా తాతయ్య. నాకైతే అదొక్కటే అనిపించడం లేదు.

అప్పటి ప్రచారం చూసిన వరంగల్ వైపు పెద్దలెవరైనా చెప్పగలరా? పాత కరపత్రాలు, పేపరు కటింగులు ఉంటే ఫొటో పెట్టినా చాలు.