సమస్య: విందులో జులాబు వేడ్క నొసఁగె

నిర్వాహకుడు
ఈ వారం సమస్యాపూరణం ఆటవెలదిలో. ముందు మూడు పాదాలు మీరు రాయాలి, పై పాదం నాలుగోదిగా వచ్చి అర్థం కుదరాలి. విందు–లోజు–లాబు–వేడ్క–నొసఁగె, ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల ముక్కలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, వి–వే. జులాబు అంటే మన ఇళ్లలో కడుపు కడిగే మందు. సునాముఖో, ఆముదమో పట్టించి రోజంతా చారన్నం మీద ఉంచేవారు. చుట్టాలను విందుకు పిలిచి ఎవరైనా అది పోస్తారా? ముడి అక్కడుంది. ఇంకో నియమం కూడా పెడుతున్నాను: పుదీనా వేసి ఇంట్లో కలుపుకునే మద్యం ప్రస్తావన రావాలి. ఆ జులాబు మాట చాలా దేశాలు తిరిగిందని గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది.

లూయివిల్ సభ్యుడు
గురువు గారూ, నమస్కారం. మా ఊరి పానీయమే సమస్యగా వచ్చింది!

పుదిన నలిపి మంచు పొడి వెండి గిన్నెలో
నింపి, బూర్బ నందు నిలువఁ బోసి
కెంటకీని బావ గెలిచి పందెములోన
విందులో జులాబు వేడ్క నొసఁగె.

మే నెల మొదటి శనివారం ఇక్కడ, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, చర్చిల్ డౌన్స్ మైదానంలో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం జరుగుతుంది. 1875 నుంచి నడుస్తోంది. ఆ రోజు ఎవరి చేతిలో చూసినా మింట్ జులెప్పే, అంటే బూర్బన్ అనే అమెరికా విస్కీలో పుదీనా కలిపిన పానీయమే. ఆ జులెప్పే నా జులాబు.

నిర్వాహకుడు
బాబూ, ముడి సరిగ్గా విప్పారు. బూర్బన్ + అందు బాగా కుదిరింది. పుదీనను పుదిన అనడం వాడుకలో ఉన్నదే, తప్పు పట్టను. నాకు నచ్చనిది ‘నలిపి’. పచ్చడికి రోట్లో నూరినట్టు ఆకును నూరితే పచ్చి పసరు దిగుతుంది, చేదెక్కుతుంది. పుదీనా వాసన ఆకు పైనున్న సన్నని నూనె తిత్తుల్లో ఉంటుంది. చెంచా వెనకవైపుతో రెండు మూడుసార్లు ఒత్తితే చాలు, అవి పగులుతాయి. నేనైతే ఇలా అంటాను:

లేఁబుదీన యొత్తి లీలగా మంచును
నింపి, బూర్బ నందు నిలువఁ బోసి

లూయివిల్ సభ్యుడు
ఒప్పుకుంటున్నాను. వెండి గిన్నె పోయినందుకు మాత్రం మనసు పీకుతోంది. దాన్ని అంచు దగ్గరే పట్టుకోవాలి. కాసేపటికి బయట తెల్లగా మంచు పేరుతుంది, వేళ్లు తగిలితే ఆ పొర చెదిరిపోతుంది. నా కొలత: పదాకులు, పంచదార పాకం 15 మిల్లీలీటర్లు, బూర్బన్ 60. పాకమే వేయాలి, ఉత్త పంచదార మద్యంలో సరిగా కరగదు. దంచిన మంచు గోపురంలా పోసి, పైన పుదీనా కొమ్మ గుచ్చి, స్ట్రా దాని పక్కనే పెడితే ప్రతి గుక్కకీ ముక్కుకు వాసన తగులుతుంది.

రాజమండ్రి సభ్యురాలు
అరబు భాషలోన నదియె పన్నీరగు;
కుప్పె నింపి తెచ్చి కొలువు కెల్ల
వర్తకుండొకండు వందనమ్ములతోడ
విందులో జులాబు వేడ్క నొసఁగె.

పారశీకంలో గులాబ్ అంటే పన్నీరు, గులాబీ నీరు. అరబ్బీలో గకారం లేక అది జులాబ్ అయింది. తియ్యని పాకానికి, మందు కలిపే పాకానికి ఆ పేరు అంటుకుంది. ఐరోపాకు వెళ్లి జులెప్ అయింది, మన వైపు వచ్చి విరేచనాల మందయింది.

నిర్వాహకుడు
అమ్మా, ‘పన్నీరు కుప్పె’ను మళ్లీ పద్యంలో చూసి ప్రాణం లేచొచ్చింది. మొదటి పాదంలో అ–న(అ) స్వరయతి, అంటే అచ్చుకు అచ్చు కుదిరే యతి, నిర్దోషం. నియమం ప్రకారం పుదీనా లేదు, మద్యమూ లేదు. అయినా తీసుకుంటున్నాను, ఎందుకంటే సమస్య మూలం దాకా వెళ్లింది మీరొక్కరే. పుదీనా అన్న మాట కూడా పారశీకం నుంచి వచ్చిందే. ఆ రెండు మాటలూ కెంటకీలో ఒకే గిన్నెలో కలిశాయన్నమాట.

వరంగల్ సభ్యుడు
క్రమాలంకారంలో ప్రయత్నించిన.

ఎచటఁ గూడి కుడిచె? నెద్ది వైద్యుఁ డిడెను?
మదికి నేమి దెచ్చె మంచి తావి?
పుదిన మనకుఁ జలువఁ బూని యేమొనరిచె?
విందులో, జులాబు, వేడ్క, నొసఁగె.

నిర్వాహకుడు
నాలుగు ప్రశ్నలకూ జవాబులు వరసగా పడ్డాయి. మూడో పాదంలో ‘పూని’ యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది. తక్కినదంతా సాఫీగా ఉంది.

విశాఖ సభ్యురాలు (కొత్త)
గురువు గారూ, పద్యం రాయడం నాకిది మూడోసారి. జరిగిందే రాశాను.

మూడు నాళ్లు పుదిన మునిఁగిన వోడ్కాను
వంచి, మంచు వేసి, తేనె కలిపి
చేదు మింగలేని చెలికాండ్ర కాతఁడు
విందులో జులాబు వేడ్క నొసఁగె.

‘ఆతఁడు’ మా తమ్ముడు. నిజంగానే ఒక్కరూ తాగలేకపోయారు. ఆకులు నల్లబడిపోయాయి.

నిర్వాహకుడు
తల్లీ, భావం గట్టిది. చేదు మద్యాన్నే జులాబు అనడం ఇంతమందిలో మీకే తట్టింది. రెండో పాదంలో యతి తప్పింది: వం–తే కుదరదు. కొత్త మాటేదీ వెతకక్కర్లేదు, ఉన్నవాటి వరస మార్చండి:

వంచి, తేనె కలిపి, మంచు వేసి

వంచి–మంచు ప్రాసయతి పడింది, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిశాయి. పానీయం కూడా బాగుపడింది చూడండి. మంచు వేశాక తేనె పోస్తే బిగుసుకుపోయి అడుగున ముద్దగా కూర్చుంటుంది. ముందు కరిగించి, తరవాత మంచు వేయాలి. మీ యతి ఎక్కడ తప్పిందో తమ్ముడి చెయ్యీ అక్కడే తప్పింది.

ఇక మూడు నాళ్ల సంగతి. ఎండిన మసాలా దినుసులైతే అన్నాళ్లు నానినా తట్టుకుంటాయి, పచ్చాకు తట్టుకోదు. ఆల్కహాలు ముందు వాసన లాగుతుంది, ఆ తరవాత పసరునీ చేదునీ లాగుతుంది.

లూయివిల్ సభ్యుడు
అక్కా, నేను చేసే పద్ధతి చెబుతాను. 750 మిల్లీలీటర్ల వోడ్కాకు పెద్ద గుప్పెడు ఆకు. కాడలు తీసి, కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వాలి. సీసాలో వేశాక ఒక్క ఆకు కూడా పైకి తేలకూడదు, గాలి తగిలినదే ముందు నల్లబడుతుంది. ఆరు గంటల నుంచీ రుచి చూస్తూ ఉండండి. నేను పన్నెండు గంటలు దాటనివ్వను. తరవాత పలచటి గుడ్డలో వడకట్టాలి. ఆకును పిండకూడదు, పిండితే మళ్లీ చేదే.

విశాఖ సభ్యురాలు (కొత్త)
రాత్రి తొమ్మిదింటికి వేసి పొద్దున్న ఆరింటికి తీయించాను. లేత అరటాకు రంగు వచ్చింది. తమ్ముడు తేనెను రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, నిమ్మరసం పిండి, చివర మంచు వేశాడు. సాయంత్రం మళ్లీ ఆ స్నేహితులనే పిలిచాడు. గ్లాసులన్నీ ఖాళీగా వంటింట్లోకి తిరిగొచ్చాయి. గురువు గారూ, మూడో పాదం ‘చేదు మింగలేని’ ఇప్పుడు నిజం కాదు. రేపటిలోగా ఇంకో పూరణ పంపవచ్చా?

నిర్వాహకుడు
పంపండమ్మా. మొదటిదీ ఉండనివ్వండి.