రక్తం పట్టడానికి చైనా మూలికలు: ఐరన్ మాత్రలు మానేయొచ్చా?

కాకినాడ అమ్మాయి

సింగపూర్‌లో ఉంటున్నాను. కాన్పై నాలుగు నెలలైంది, బాబుకి పాలిస్తున్నాను. హిమోగ్లోబిన్ 9.1, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 7. రెండు మెట్లెక్కితే ఆయాసం, దువ్వితే జుట్టంతా దువ్వెనలోనే. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం. పక్కింటి చైనీస్ ఆంటీ తన కోడలికి ఇదే పనిచేసిందని ఒక పొట్లం తెచ్చిచ్చారు. అందులో తారులా నల్లగా, వేళ్లకి అంటుకునే ముద్దలు, తెల్లటి బిళ్లలు, సీతాకోకచిలుక రెక్కల్లాంటి పలుచటి ముక్కలు ఉన్నాయి. నాలుగోది విప్పగానే వంటిల్లంతా సోంపు, వాము కలిసినట్టు వాసన. పేరు ‘సి వు తాంగ్’ట. మాత్రలు ఆపి ఇది తాగొచ్చా? అమ్మకి ఫోన్లో చెబితే కేకలేసింది.

పెరటి వైద్యం

తాగమ్మా. ‘సి వు తాంగ్’ అంటే నాలుగు వస్తువుల కషాయం. నల్లవి షు దీ హ్వాంగ్, తెల్లవి బాయ్ షావ్, రెక్కల్లాంటివి చ్వాన్ శ్యోంగ్, వాసనొచ్చేది దాంగ్ గుయ్. చైనాలో సోంగ్ రాజుల కాలంలోనే ప్రభుత్వ ఔషధ గ్రంథంలోకి ఎక్కింది. అన్ని వందల ఏళ్లు కోట్లమంది ఆడవాళ్లు ఊరికే తాగారా? మన దగ్గరా పాండురోగానికి లోహాసవం ఇస్తారు కదా. ల్యాబ్ రిపోర్టులో కనపడనిదంతా అబద్ధమనుకోవడం తప్పు.

స్టెతస్కోపు

నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. మాకు వాళ్ల సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టు. అందుకే ఆ వైద్యాన్ని కొట్టిపారేయను. కానీ ఇక్కడ ఒక మాట దగ్గర పెద్ద పొరపాటు జరుగుతోంది.

వాళ్లు ‘ష్యుయె’ అంటారు. మనం దాన్ని రక్తం అని అనువాదం చేసుకుని వెంటనే హిమోగ్లోబిన్ అనుకుంటాం. వాళ్ల లెక్కలో ష్యుయె తిండి నుంచి పుడుతుంది, కాలేయంలో నిలవ ఉంటుంది, మనసుని కుదురుగా ఉంచుతుంది. అది తగ్గిందని చెప్పడానికి పాలిపోయిన నాలుక, నిద్ర పట్టకపోవడం, కళ్లు పొడిబారడం, గోళ్లు పెళుసెక్కడం, సన్నటి నాడి చూస్తారు. హిమోగ్లోబిన్ 13 ఉన్నావిడకీ ‘నీకు ష్యుయె తక్కువ’ అనొచ్చు. ఆ రెండూ ఒకటే అనుకుంటే ఆ వైద్యానికీ అన్యాయమే, మీకూ నష్టమే.

మీ ఫెరిటిన్ 7. అంటే ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది. ఆ నాలుగు మూలికలూ కలిపి కాచినా ఆ లోటు తీర్చేంత ఇనుము రాదు. ఒక చిత్రం చెబుతాను. ఈ కషాయం మొదట కనిపించేది తొమ్మిదో శతాబ్దపు ఎముకల వైద్యం పుస్తకంలో, దెబ్బలు తగిలినవాళ్ల కోసం. ఆడవాళ్ల మందుగా పేరొచ్చింది ఆ తర్వాతే.

పెరటి వైద్యం

బాబూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటూనే అడుగుతున్నా. 1247లో లీ దోంగ్‌యువాన్ అనే చైనా వైద్యుడు రాసిన దాంగ్ గుయ్ బు ష్యుయె తాంగ్ అనే ఇంకో కషాయం సంగతేంటి? హాంకాంగ్‌లో దాన్ని కణాల మీద పరీక్షించి, రక్తకణాలు పుట్టించే ఎరిత్రోపోయిటిన్‌ని పెంచుతోందని చూపించారు కదా.

స్టెతస్కోపు

చూపించారు, నేనూ చదివాను. ఆ మందులో హ్వాంగ్ చీ ఐదు పాళ్లు, దాంగ్ గుయ్ ఒకటే పాలు. రక్తం పట్టే మందని పేరు, తూకంలో ఎక్కువ మాత్రం సత్తువ కోసం వేసే వేరు. ముందు సత్తువ ఉంటేనే రక్తం పుడుతుందని వాళ్ల వాదన. నాకది ఎంతో ఇష్టమైన ఆలోచన. కానీ గాజు పళ్లెంలో కణాలు స్పందించడం వేరు, పాలిచ్చే తల్లి ఒంట్లో ఇనుము నిండడం వేరు. ఎరిత్రోపోయిటిన్ ఎంత పెరిగినా ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ ఎలా తయారవుతుంది?

1997లో అమెరికాలో 71 మంది ఆడవాళ్లకి ముట్లుడిగే వయసు ఇబ్బందులకని 24 వారాలు దాంగ్ గుయ్ ఒక్కటే ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా రాలేదు.

పెరటి వైద్యం

దాంగ్ గుయ్‌ని ఒంటరిగా ఏ చైనా వైద్యుడూ ఇవ్వడు. వేరే జబ్బుకి, వేరే పద్ధతిలో ఇచ్చి పనిచేయలేదనడం న్యాయమేనా?

స్టెతస్కోపు

న్యాయమైన మాటే. ఆ అధ్యయనాన్ని ఇక్కడికి తేకుండా ఉండాల్సింది.

అయినా నేనింత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా పిన్ని ఎనిమిది నెలలు ‘రక్తం పట్టే టానిక్’ తాగింది. చైనాది కాదు, మన ఊరి కొట్లో కొన్నదే. చివరికి కళ్లు తిరిగి బావి దగ్గర పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5.4. గర్భసంచిలో గడ్డ ఉండి నెలనెలా రక్తం పోతూనే ఉంది. రక్తం ఎటు పోతోందని ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరూ అడగలేదు.

చెల్లెమ్మా, ఇంకో సంగతి. షు దీ హ్వాంగ్ కడుపుకి బరువని వాళ్ల వైద్యులే ఒప్పుకుంటారు. అందుకే మన యాలకుల జాతికే చెందిన షా రెన్ కలిపి ఇస్తారు. ఇప్పటికే వికారంగా ఉన్న మీకు అది ఇంకా ఇబ్బంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లయితే దాంగ్ గుయ్ జోలికే పోకూడదు. జుట్టు కోసమని ఎవరైనా హ షౌ వూ అనే వేరు ఇస్తే వద్దనండి. అది కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు ఉన్నాయి, బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2006లోనే హెచ్చరించింది.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని మీ డాక్టర్ని అడగండి. ఇనుము తక్కువున్న యువతుల్లో అలా వేసుకుంటే ఒంటికి మెరుగ్గా పడుతోందని అధ్యయనాల్లో తేలింది. దాంతోపాటు టీ, పాలు తాగొద్దు. అప్పటికీ పడకపోతే సెలైన్‌లా నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది.

బాపట్ల రైతు

మధ్యలో వస్తున్నా. అజ్యావ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. గాడిద తోలు ఉడకబెట్టి చేసే జిగురు, రక్తం పడుతుందని అమ్ముతారు. పాతకాలంలో ఎద్దు తోలుతో కూడా చేసేవారట. ఇప్పుడు ఏడాదికి 59 లక్షల గాడిద తోళ్లు కావాల్సి వస్తోందని గాడిదల్ని కాపాడే డాంకీ శాంక్చువరీ అనే సంస్థ అంచనా. నీళ్లు మోయడానికి గాడిదే దిక్కైన ఆఫ్రికా పల్లెల్లో రాత్రికి రాత్రి దొంగతనాలు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ తోలు కోసం గాడిదల్ని చంపడాన్ని నిషేధించింది. మన దేశంలో 2012 నుంచి 2019 మధ్య గాడిదలు 61 శాతం తగ్గాయి. కారణాలు చాలా ఉన్నాయి, మా జిల్లాల్లో బలం కోసమని దొంగచాటుగా కోసి తినడం కూడా ఒకటి. చాకిరేవులో పెరిగినవాణ్ణి, నాకది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కాకినాడ అమ్మాయి

అందరికీ థాంక్స్. పొట్లంలో అజ్యావ్ లేదు, ఆంటీని అడిగి కనుక్కున్నా. డాక్టరమ్మకి ఫోన్ చేశాను, మాత్ర రోజు విడిచి రోజు రాత్రిపూట వేసుకోమన్నారు. పాలిస్తున్నన్నాళ్లూ కషాయం వద్దన్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఎన్నాళ్లు అయిందో కూడా అడిగారు, అది నేను మొదట చెప్పనేలేదు. పొట్లం డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఆంటీ నొచ్చుకోలేదు, సాయంత్రం ఎర్ర ఖర్జూరాల సూప్ పంపారు.

పెరటి వైద్యం

సూప్ తాగమ్మా, దానికి నేనూ ఆ అబ్బాయీ ఇద్దరం ఒప్పుకుంటాం. కషాయం విషయంలో నా మాట మారలేదు. ఆరు వారాల తర్వాత ఫెరిటిన్ ఎంతొచ్చిందో మాత్రం ఇక్కడే రాయి.